సముద్రపు ఒడ్డున గైడ్‌తో గుర్రపు స్వారీ: వరంగల్ వైపు నుంచి వెళ్లేవారికి సమగ్ర మార్గదర్శి

సంక్రాంతి సెలవులు దగ్గరపడుతున్నాయంటే హనుమకొండ, కరీంనగర్, మంచిర్యాల వైపు నుంచి తెలిసినవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: సముద్రపు ఒడ్డున గుర్రం ఎక్కాలని ఉంది, పద్ధతిగా ఎలా చేయాలి? ఫోన్‌లో రెండు ముక్కల్లో చెబితే సగం మరిచిపోతున్నారు కనుక, మొత్తం వరుసక్రమంలో ఇక్కడ రాస్తున్నాను.

మనకు సముద్రం లేదు. మనలో చాలామంది దగ్గరగా చూసిన గుర్రం పెళ్లి బరాత్‌లో బ్యాండు చప్పుడుకు కదలకుండా నిలబడే గుర్రమే. దాన్ని చూసిన ధైర్యంతో తీరంలో గుర్రం ఎక్కితే లెక్క తప్పుతుంది. అలలు, గాలి, మెత్తటి ఇసుక, వీధికుక్కలు, గాలిపటాలు ఉన్న చోట గుర్రం ప్రవర్తన వేరుగా ఉంటుంది. స్వారీ సాఫీగా సాగుతుందో లేదో దాదాపుగా జీను మీద కూర్చోకముందే తేలిపోతుందని నా అనుభవం. అందుకే ఇందులో సగానికి పైగా నేల మీద నిలబడి చేయవలసిన పనులే కనిపిస్తాయి.

1. ఏ స్వారీ కావాలో ముందు తేల్చుకోండి

బీచ్‌లో గుర్రం పేరుతో రెండు వేర్వేరు పనులు జరుగుతుంటాయి. ఒకటి ఫోటో రౌండు: విశాఖపట్నం ఆర్కే బీచ్‌లోనూ, పూరీ తీరంలోనూ కనిపించేది ఇదే. గుర్రం మీద ఎక్కించి, పగ్గం పట్టుకొని కొంత దూరం నడిపించి దింపుతారు. రెండోది గైడ్‌తో స్వారీ: పగ్గాలు మీ చేతిలో ఉంటాయి, గైడ్ ముందో పక్కనో మరో గుర్రం మీద వస్తాడు, ముప్పావు గంట నుంచి రెండు గంటల దాకా సాగుతుంది.

ఈ మార్గదర్శి రెండోదాని గురించి. అయితే ఎన్నడూ గుర్రం ఎక్కనివారు నేరుగా రెండు గంటల స్వారీ తీసుకోకండి. మొదటిసారికి ముప్పావు గంట చాలు; గంట దాటితే కొత్తవారి తొడలు పట్టు వదిలేస్తాయి, పట్టు వదిలిన మనిషి పగ్గాలకు వేలాడతాడు, ఆ బరువంతా గుర్రం నోటి మీద పడుతుంది.

వీలైతే ప్రయాణానికి ముందు హైదరాబాద్ శివార్లలోని ఏదైనా రైడింగ్ స్కూల్‌లో రెండు మూడు పాఠాలు నేర్చుకొని వెళ్లండి. కంచె ఉన్న మైదానంలో చేసే తప్పులు చిన్నవి.

2. నెల, తిథి, గంట

ముందు నెల. ఆంధ్ర తీరానికి జనవరి, ఫిబ్రవరి నెలలు అన్నిటికంటే అనుకూలం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపానుల కాలం. గోవా వైపు వెళ్లేవారు జూన్ నుంచి సెప్టెంబరు దాకా వదిలేయండి, ఆ నెలల్లో అరేబియా సముద్రం రేగి ఉంటుంది. ఫుకెట్‌కైతే నవంబరు నుంచి ఏప్రిల్, బాలికైతే మే నుంచి సెప్టెంబరు పొడి కాలం.

తర్వాత తిథి. ఇది ముహూర్తం కోసం కాదు, నీళ్ల కోసం. సముద్రం రోజుకు సుమారు రెండుసార్లు పోటు మీద ఉంటుంది, రెండుసార్లు ఆటు మీద ఉంటుంది. పోటు నుంచి ఆటుకు దాదాపు ఆరుంపావు గంటలు పడుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల ప్రాంతంలో ఈ ఎగుడుదిగుళ్లు ఎక్కువ, అష్టమి ప్రాంతంలో తక్కువ. అంటే పౌర్ణమి నాడు ఆటు సమయంలో వెడల్పైన గట్టి ఇసుక దొరుకుతుంది కానీ, పోటు సమయానికి అదే దారి నీళ్ల కింద ఉంటుంది.

క్యాలెండర్‌లో తిథి చూస్తే నీటిమట్టంలో తేడా ఎంత ఉంటుందో తెలుస్తుంది. ఎన్ని గంటలకు అన్నది మాత్రం ఆ తీరానికి సంబంధించిన ఆటుపోట్ల పట్టిక చూస్తేనే తెలుస్తుంది. ఈ రెంటినీ కలిపి చూడనివారు చాలామంది. ఇంకో మాట: ఆ సమయం రోజురోజుకూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఇవాళ ఉదయం 6 గంటలకు ఆటు ఉంటే రేపు 6.50కి, ఎల్లుండి 7.40కి ఉంటుంది. నెల ముందు బుక్ చేసుకొని, పోయిన వారం వెళ్లివచ్చిన మిత్రుడి సమయం నమ్ముకుంటే దెబ్బతింటారు.

నేను పాటించే లెక్క ఇది: ఆటు పూర్తయ్యే వేళకు గంటా గంటన్నర ముందు బయల్దేరాలి. నీరు తగ్గుతూ ఉండగా వెళ్లి, మళ్లీ పెరగడం మొదలయ్యేసరికి తిరిగి వచ్చేయాలి. తీరానికి ఒకవైపు కొండరాళ్లో, కాలువో, నది కలిసే మొగో ఉంటే ఈ లెక్క తప్పనిసరి.

చివరగా గంట. ఉదయం 6 నుంచి 9 లోపు, లేదా సాయంత్రం 4.30 తర్వాత. తూర్పు తీరంలో మధ్యాహ్నానికి సముద్రపు గాలి పుంజుకుంటుంది. గాలికి కొట్టుకునే జెండాలు, ఎగిరే ప్లాస్టిక్ సంచులు గుర్రాన్ని బెదరగొడతాయి. పైగా 1965 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం, ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల మధ్య బండ్లు లాగే, బరువులు మోసే పశువులతో పని చేయించకూడదు. స్వారీ గుర్రానికీ ఎండ అదే ఎండ. మధ్యాహ్నం ఖాళీ ఉంది రమ్మనేవారి దగ్గరికి వెళ్లకపోవడమే మేలు.

బయల్దేరే ముందురోజు వాతావరణ శాఖ హెచ్చరికలతో పాటు, హైదరాబాద్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ ఇచ్చే ఎత్తైన అలల హెచ్చరికలు కూడా చూడండి. ఉరుము వినిపిస్తే ఎక్కవద్దు. దారిలో వినిపిస్తే గైడ్ చెప్పకముందే వెనక్కి తిరుగుదామని అడగండి.

3. ఇంటి దగ్గర మూడు వారాల సాధన

గుర్రం మోస్తుంది కదా, మనకు శ్రమేముందని అనుకుంటారు. తొడల లోపలి కండరాలు, నడుము, పొట్ట, మడమలు నిరంతరం పనిచేస్తూ ఉండాలి. మూడు వారాల పాటు రోజుకు అరగంట చాలు.

- గుంజీలు: పాదాలు భుజాల వెడల్పుకు మించి ఎడంగా పెట్టి, రోజుకు 15 చొప్పున మూడు విడతలు.
- మెట్టు అంచు మీద మునివేళ్లతో నిలబడి మడమలను కిందికి దించడం, పైకి లేపడం. రికాబులో, అంటే జీనుకు వేలాడే, పాదం పెట్టుకునే కడియంలో, పాదం నిలిచే తీరు ఇదే.
- ఒంటికాలి మీద చెరో నిమిషం, కొన్నాళ్లకు కళ్లు మూసుకొని.
- వారానికి నాలుగు రోజులు చురుకైన నడక. హనుమకొండవాళ్లకు భద్రకాళి బండ్, పద్మాక్షి గుట్ట మెట్లు ఉన్నాయి. కరీంనగర్‌వాళ్లకు మానేరు డ్యాం కట్ట ఉంది.

ధనుర్వాతం టీకా వేయించుకొని పదేళ్లు దాటిందేమో చూసుకోండి. గుర్రపు పేడలో ఆ సూక్ష్మక్రిములు ఉంటాయి, ఇసుకలో గీరుకుపోవడం మామూలే.

గర్భిణులు, వెన్నుపూస డిస్కు సమస్య ఉన్నవారు, ఎముకలు గుల్లబారినవారు, ఇటీవల ఆపరేషన్ అయినవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు స్వారీ చేయకూడదు. మూర్ఛ వ్యాధి ఉన్నవారు కూడా. చక్కెర వ్యాధి ఉన్నవారు వైద్యుణ్ని అడిగి, జేబులో గ్లూకోజ్ ఉంచుకొని ఎక్కవచ్చు.

4. ఒంటి మీద ఏముండాలి

అన్నిటికంటే ముందు చెప్పులు, అంటే అవి వేసుకోకూడదని చెప్పడం. పాదం రికాబులోంచి ముందుకు జారి ఇరుక్కుంటే, పడ్డాక గుర్రం ఈడ్చుకుపోతుంది. చిన్న మడమ ఉన్న, అడుగు భాగం నున్నగా ఉన్న, చీలమండ కప్పే బూటు కావాలి. స్పోర్ట్స్ షూలకు మడమ మెట్టు ఉండదు, అడుగున గాడులు లోతుగా ఉంటాయి; అవి రెండో రకం. ఆఫీసుకు వేసుకునే పాత తోలు బూటు వాటికంటే నయం.

హెల్మెట్ విషయంలో రాజీ వద్దు. బైక్ హెల్మెట్ బరువెక్కువ, మెడ తిప్పనివ్వదు, వినికిడిని తగ్గిస్తుంది. స్వారీకి చేసిన హెల్మెట్ లోపల ఏఎస్‌టీఎమ్ ఎఫ్ 1163 లేదా ఈఎన్ 1384 అనే భద్రతా ప్రమాణపు ముద్ర ఉంటుంది. గడ్డం కింద పట్టీ బిగించాక తల అటూ ఇటూ ఊపితే హెల్మెట్‌తో పాటు కనుబొమ్మల చర్మం కదలాలి. హెల్మెట్ ఒక్కటే కదిలితే అది వదులు.

- ప్యాంటు: సాగే గుణం ఉన్నది, తొడ లోపల మందపాటి కుట్టు లేనిది. మామూలు జీన్స్ కుట్టు గంటలో చర్మాన్ని ఒరిపిస్తుంది.
- పైన: పొడుగు చేతుల కాటన్ చొక్కా. చీర, చున్నీ, వదులు దుపట్టా వద్దు.
- గాజులు, ఉంగరాలు, పొడవాటి గొలుసులు గదిలోనే తీసిపెట్టండి.
- కళ్లద్దాలకు వెనక తాడు. కాంటాక్ట్ లెన్స్ వద్దు, ఇసుక పడుతుంది.
- సన్‌స్క్రీన్ అరగంట ముందు. మెడ వెనకా, చేతుల మీదా మరిచిపోతారు.
- ఫోన్ జిప్పు జేబులోనే. జీను మీద కూర్చొని సెల్ఫీ వద్దు.

నీళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రామగుండం ఎండలకు అలవాటుపడ్డవాళ్లం కనుక తీరపు ఎండ మనల్ని ఏం చేస్తుందిలే అనిపిస్తుంది. మనది పొడి ఎండ, చెమట పట్టగానే ఆరిపోతుంది. అక్కడ ఉక్కపోతలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, గాలి తగులుతూ ఉండడం వల్ల ఒంట్లో వేడి పెరిగినట్టు కూడా తెలియదు. బయల్దేరే ముందు అరలీటరు నీళ్లు, తిరిగి వచ్చాక ఓఆర్‌ఎస్ తాగండి. స్వారీకి గంటన్నర ముందు రెండు ఇడ్లీలు సరిపోతాయి.

సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లవారి విశాఖలో దిగినవాళ్లు అదే ఉదయం గుర్రం ఎక్కకండి. నిద్ర చాలని మనిషికి తూకం నిలవదు. ఆ రోజు తీరం మీద నడిచి దారి చూసుకొని, మర్నాడు ఎక్కండి.

5. డబ్బు కట్టే ముందు అడగవలసినవి

- ఒక గైడ్‌కు ఎంతమంది? అందరూ కొత్తవారైతే నలుగురికి మించకూడదు.
- గైడ్ గుర్రం మీద వస్తాడా, నడిచి వస్తాడా, బైక్ మీద వస్తాడా? బైక్ అంటే వదిలేయండి.
- హెల్మెట్ ఇస్తారా? పిల్లల సైజు ఉందా?
- ఒక్కో గుర్రం రోజుకు ఎన్నిసార్లు వెళుతుంది?
- ఆ తీరంలో గుర్రాలు తిప్పడానికి అనుమతి ఉందా?
- వాన, గాలి వల్ల రద్దయితే డబ్బు తిరిగి ఇస్తారా?
- విదేశాల్లోనైతే: మీ ప్రయాణ బీమాలో గుర్రపు స్వారీకి వర్తింపు ఉందా? చాలా పాలసీలు దాన్ని సాహస క్రీడగా పక్కన పెడతాయి. ఇది బీమా కంపెనీనే అడగాలి.

వాళ్లు ఇచ్చే జవాబుల కంటే వాళ్లు మిమ్మల్ని అడిగే ప్రశ్నలను నేను ఎక్కువగా పట్టించుకుంటాను. మీ బరువెంత, ఇదివరకు ఎక్కారా, ఆరోగ్య సమస్యలున్నాయా అని అడగకుండానే డబ్బు తీసుకునే మనిషి ఏ గుర్రం ఖాళీగా ఉంటే దాని మీద మిమ్మల్ని కూర్చోబెడతాడు.

బరువు దాచకండి. జీనుతో కలిపి గుర్రం మోసే బరువు దాని సొంత బరువులో ఐదో వంతు మించకూడదన్నది సాధారణంగా పాటించే హద్దు. 350 కిలోల గుర్రమైతే 70 కిలోలు. అందులో జీనే 8 నుంచి 10 కిలోలు ఉండవచ్చు. అంటే మీరు 60కి అటూ ఇటూ ఉండాలి. అంతకు మించినవారు ముందే చెప్పి పెద్ద గుర్రం అడగాలి. లేదంటే ఆ తీరంలో తమకు అనువైన గుర్రం లేదని ఒప్పుకోవాలి.

6. ఎక్కే ముందు ఇరవై నిమిషాలు

ఇచ్చిన సమయానికి ఇరవై నిమిషాల ముందే చేరుకోండి. ఆ సమయమంతా గుర్రాన్ని చూడడానికే.

గుర్రానికి రెండు పక్కలా దాదాపు అంతా కనిపిస్తుంది. సరిగ్గా తోక వెనక, సరిగ్గా నుదుటి ముందు మాత్రం కనిపించదు. కనుక ఎడమ భుజం వైపు నుంచి, ఏదో ఒకటి మాట్లాడుతూ దగ్గరికి వెళ్లండి. ముందు మెడ మీద చెయ్యి వేయండి, ముఖం మీద కాదు.

చూడవలసినవి:

- ఊపిరి. డొక్క కదలికలను 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. విశ్రాంతిగా ఉన్న గుర్రం నిమిషానికి 8 నుంచి 16 సార్లు ఊపిరి తీస్తుంది. 40, 50 వస్తుంటే అది ఇప్పుడే ఇంకొకరిని మోసి వచ్చిందని అర్థం.
- మెడ చర్మం. చిటికెతో లాగి వదిలితే ఒకటి రెండు సెకన్లలో సర్దుకోవాలి. మడతలా నిలిచిపోతే ఒంట్లో నీరు తగ్గింది.
- నడక. గైడ్‌ను పది అడుగులు నడిపించమనండి. తల ఒక్కో అడుగుకు ఎక్కువగా పైకీ కిందికీ ఊగితే కుంటుతోందేమో అనుమానించాలి.
- జీను కింద, నోటి మూలల్లో, పొట్ట కింద పుండ్లు.
- ముక్కు. చిక్కటి స్రావం, ఒంటి మీద గడ్డలు ఉంటే తాకవద్దు. గ్లాండర్స్ అనే వ్యాధి గుర్రాల నుంచి మనుషులకు సోకుతుంది.
- చెవులు. వెనక్కి పూర్తిగా మెడకు అంటుకొని ఉంటే గుర్రం కోపంగా ఉంది.

తర్వాత జీను. పొట్ట కింద బిగించే పట్టీయే అన్నిటికంటే ముఖ్యం. జీను వేస్తున్నప్పుడు చాలా గుర్రాలు ఊపిరి బిగబట్టి పొట్ట ఉబ్బిస్తాయి. కాసేపటికి పొట్ట లోపలికి పోయి పట్టీ వదులవుతుంది. అందుకే దాన్ని మూడుసార్లు చూడాలి: జీను వేసినప్పుడు, మీరు ఎక్కబోయే ముందు, నడిచిన ఐదు నిమిషాల తర్వాత. పట్టీకి, చర్మానికి మధ్య రెండు వేళ్లు బిగుతుగా దూరాలి. నాలుగు వేళ్లు సులభంగా దూరితే వదులు.

ఇది నేను పడి నేర్చుకున్నాను. కొన్నేళ్ల కిందట ఒక తీరంలో, నా ముందు వ్యక్తి దిగగానే అదే జీను మీద నన్ను ఎక్కించారు. ఎవరూ పట్టీ చూడలేదు, నేనూ అడగలేదు. ఏడో ఎనిమిదో నిమిషంలో ఎడమ రికాబు నా పాదం కింద నెమ్మదిగా కిందికి పోతున్నట్టు అనిపించింది. కాలు సర్దుకుందామని దాని మీదే బరువు వేశాను. జీను నాతో పాటు పక్కకు తిరిగింది. తడి ఇసుక మీద తుంటి ఆనేలా పడ్డాను. ఆ కమిలిన మచ్చ నెల రోజులు పోలేదు.

తర్వాత ఇంకో చోట గుర్రాలను చూసుకునే ఒక ముసలి సాయిసు పట్టీ బిగించే తీరు చూశాను. ఎండిన చెమట, ఉప్పు కలిసి తోలు మీద తెల్లటి గీతలా పేరుకొని ఉంటే ముందు దాన్ని తడిగుడ్డతో తుడిచాడు. ఒక్క రంధ్రం బిగించి, పట్టీ కింద నలిగిన వెంట్రుకలను బొటనవేలితో కిందికి దువ్వాడు. గుర్రం ముందు కాలిని మోకాలి దగ్గర పట్టుకొని ఒకసారి ముందుకు చాపి, పట్టీ కింద ఇరుక్కున్న చర్మాన్ని వదులు చేశాడు. అప్పుడు ఇంకో రంధ్రం. మొత్తం రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఇలా చేసే మనిషి దొరికితే ధర బేరం ఆడకండి.

రికాబు పొడవు కూడా నేల మీదే చూసుకోవచ్చు. వేళ్ల కొనలను రికాబు తోలు మొదలు దగ్గర ఆనించి, రికాబును చంక దాకా లాగండి. సరిగ్గా చంకకు తగిలితే పొడవు దాదాపు సరిపోయినట్టే.

వీటిలో ఏది సరిగా లేకపోయినా ఎక్కనని చెప్పే హక్కు మీకుంది. అడ్వాన్స్ పోతుందన్న బాధతో ఎక్కేవాళ్లే ఎక్కువ.

7. ఎక్కడం

1) గుర్రానికి ఎడమ వైపు, భుజం దగ్గర నిలబడండి. గైడ్ తల దగ్గర పట్టుకోవాలి, వీలైతే ఇంకొకరు కుడి రికాబును కిందికి నొక్కి ఉంచాలి.

2) పగ్గాలను, గుప్పెడు జూలును కలిపి ఎడమ చేత్తో పట్టుకోండి. జూలు లాగితే గుర్రానికి పెద్దగా నొప్పి ఉండదు.

3) ఎడమ పాదం రికాబులో పెట్టండి. బొటనవేలు గుర్రం పొట్టకు గుచ్చుకోకూడదు. గుచ్చుకుంటే నడవమన్న సైగ అనుకుంటుంది.

4) కుడి కాలితో రెండుసార్లు ఎగిరి, మూడోసారి లేవండి. కుడి చెయ్యి జీను ముందు భాగం మీద ఉండాలి, వెనక అంచు మీద కాదు.

5) కుడి కాలిని గుర్రం వెనక భాగానికి తగలకుండా దాటించి, మెల్లగా కూర్చోండి. బస్తా వేసినట్టు దభీమని కూలబడకండి.

ఎత్తుపీట ఉంటే నేల మీంచి ఎక్కకుండా దాన్నే వాడండి. జీను పక్కకు లాగబడదు, గుర్రం వెన్నుకూ మంచిది. ఎక్కలేక అవస్థ పడుతుంటే నవ్వే బంధువులను వంద గజాల దూరంలో ఉంచండి. కిందటేడు మా బావ రెండో ప్రయత్నంలో కుడికాలితో గుర్రం పిరుదును తన్నినంత పనిచేశాడు. “బావా, గిది బరాత్ గుర్రం కాదు, జర మెల్లగ” అని నేను అనేలోపే అది రెండడుగులు ముందుకు వేసింది. గైడ్ తల దగ్గర గట్టిగా పట్టుకొని ఉండడం వల్ల ఏమీ కాలేదు.

8. కూర్చోవడం, నడిపించడం, ఆపడం

పక్క నుంచి చూస్తే చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిలువు గీతలో ఉండాలి. కుర్చీలో కూర్చున్నట్టు కాళ్లు ముందుకు చాపితే తూకం పోతుంది. పాదం వెడల్పైన భాగం మాత్రమే రికాబు మీద ఉండాలి, మడమ కాస్త కిందికి దిగి ఉండాలి.

పగ్గాలను బొటనవేళ్లు పైకి ఉండేలా, నిండు గ్లాసులు రెండు చేతుల్లో పట్టుకున్నట్టు పట్టుకోండి. పట్టు కోసం పగ్గాలు లాగకండి. భయమేస్తే జూలు పట్టుకోండి.

- నడవడానికి: రెండు పిక్కలతో మెల్లగా నొక్కి, చేతులు కాస్త వదలండి. కదలగానే నొక్కడం ఆపండి.
- తిరగడానికి: తిరగవలసిన వైపు ముందు మీరు చూడండి, ఆ వైపు పగ్గాన్ని పక్కకు తెరవండి.
- ఆపడానికి: నిండుగా ఊపిరి వదిలి, జీనులో బరువుగా కూర్చొని, వేళ్లు బిగించండి. ఆగగానే వదిలేయండి. వదలకుండా లాగుతూనే ఉంటే గుర్రం నోటితో ఎదురు లాగడం నేర్చుకుంటుంది.

నడక, ఆపడం, రెండు వైపులా తిరగడం ఒక్కోటి మూడుసార్లు సరిగా వచ్చాకే గుంపుతో బయల్దేరండి. ఆ ఐదు నిమిషాలు ఇవ్వని గైడ్‌ను గట్టిగా అడగండి.

9. ఇసుక మీద, నీటి అంచున

తీరం మీద మూడు పట్టీలు ఉంటాయి. పైన పొడి ఇసుక: గిట్టలు లోతుగా దిగి కాళ్ల నరాలు బెణుకుతాయి, పైగా పీతల బొరియలు ఉంటాయి. మధ్యలో, నీరు తీసిన గట్టి తడి ఇసుక: దారి ఇదే. కింద, అలలు వచ్చిపోయే అంచు: ఇక్కడ జాగ్రత్త కావాలి.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆంధ్ర, ఒడిశా తీరాల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు పొడి ఇసుకలో గుడ్లు పెడతాయి. తడి పట్టీలో ఉండడానికి ఇది ఇంకో కారణం. వలలు, లంగరు తాళ్లు కనిపిస్తే చుట్టూ తిరిగి వెళ్లండి.

నీటిలో గుర్రం ముందు మోకాలు దాటి లోతుకు వెళ్లకండి. అల వెనక్కి పోతున్నప్పుడు కిందికి చూస్తే నేల జారిపోతున్నట్టు అనిపించి కళ్లు తిరుగుతాయి. గుర్రం చెవుల మధ్య నుంచి దూరంగా చూడండి. గుర్రాన్ని అలకు అడ్డంగా కాకుండా కాస్త ఏటవాలుగా నడిపించండి.

గుంపులో దూరం పాటించడం మరో ముఖ్యమైన విషయం. ముందున్న గుర్రం వెనక గిట్టలు మీ గుర్రం చెవుల మధ్య నుంచి కనిపిస్తూ ఉండాలి. కనిపించలేదంటే తన్ను తగిలేంత దగ్గరికి వెళ్లారు.

పరుగు విషయం. గుర్రం నడకలో గంటకు 6, 7 కిలోమీటర్లు పోతుంది. ట్రాట్‌లో, అంటే నడకకూ పరుగుకూ మధ్య ఉండే దుడుకు నడకలో, దాదాపు రెట్టింపు. మొదటి స్వారీలో నడకే చేయండి, గైడ్ సరే అంటే కొంచెం ట్రాట్. ఒక నియమం మాత్రం అనుభవం ఉన్నవారికీ వర్తిస్తుంది: ఇంటి ముఖం పట్టిన గుర్రాన్ని పరిగెత్తించకూడదు. వెళ్లేటప్పుడు బద్ధకంగా నడిచిన గుర్రమే తిరుగు దారిలో లాయం, నీళ్లు గుర్తొచ్చి తొందరపడుతుంది. ఒకటి పరుగందుకుంటే అన్నీ అందుకుంటాయి.

10. తరచుగా జరిగే పొరపాట్లు, సవరణలు

గుర్రం ముందు కాలితో ఇసుకనో నీళ్లనో గీకుతోంది, మోకాళ్లు వంచుతోంది. అది పొర్లబోతోంది. ముద్దుగా ఉందని చూస్తూ కూర్చోకండి. తల పైకెత్తించి, పిక్కలతో గట్టిగా నొక్కి వెంటనే ముందుకు నడిపించండి.

ట్రాట్‌లో ఎగిరెగిరి పడుతున్నారు. మడమలు పైకి లేచాయి, ఊపిరి బిగబట్టారు. నడకకు దించండి, గట్టిగా మాట్లాడండి, మళ్లీ మొదలుపెట్టండి. మాట్లాడే మనిషి ఊపిరి బిగబట్టలేడు.

రికాబు జారిపోయింది. వంగి చేత్తో వెతకకండి. గుర్రాన్ని ఆపి, బొటనవేలితో అందుకోండి.

గుర్రం బెదిరి పక్కకు గెంతింది. జూలు పట్టుకోండి, అరవకండి. దాన్ని బెదరగొట్టిన వస్తువు వైపు బలవంతంగా తిప్పకండి, దాటించి తీసుకెళ్లండి.

గుర్రం అదుపు తప్పి పరిగెత్తుతోంది. రెండు పగ్గాలూ కలిపి అదే పనిగా లాగితే అది ఇంకా బిగుసుకుంటుంది. వెనక్కి కూర్చొని, లాగి వదులుతూ, ఖాళీ ఉంటే పెద్ద వలయంలోకి తిప్పి, వలయాన్ని మెల్లగా చిన్నది చేయండి. ఒక్కసారిగా తిప్పితే తడి ఇసుకలో గుర్రం జారిపడుతుంది.

పడిపోయారు. పగ్గాలు వదిలేసి, గుర్రానికి దూరంగా దొర్లండి. తలకు దెబ్బ తగిలితే, బాగానే ఉన్నట్టు అనిపించినా, ఆ రోజు మళ్లీ ఎక్కకండి. వాంతి, తలనొప్పి, మత్తు కనిపిస్తే 108కు ఫోన్ చేయండి. ఆ హెల్మెట్‌ను కూడా గైడ్‌కు చూపించి, ఇంకెవరూ వాడకుండా పక్కన పెట్టించండి.

11. పిల్లలతో వెళ్తుంటే

ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు పగ్గాలు ఇవ్వవద్దన్నది నా అభిప్రాయం. గైడ్ తాడు పట్టుకొని నడిపించే స్వారీ చాలు. ఒడిలో కూర్చోబెట్టుకొని పెద్దవాళ్లు ఎక్కడం అందరూ చేసే పనే, కానీ అది ఇద్దరికీ ప్రమాదం. గుర్రం పడేయకపోయినా పెద్దవాళ్ల బరువు పిల్లల మీద పడుతుంది.

గుర్రానికి పిల్లల చేత సకినాలు, బిస్కెట్లు తినిపించకండి. గైడ్ ఒప్పుకుంటే క్యారెట్‌ను నిలువుగా, పొడవు ముక్కలుగా కోసి, చాచిన అరచేతిలో బొటనవేలు ఆనించి పెట్టి ఇవ్వండి.

12. దిగడం, ఆ తర్వాత

దిగేటప్పుడు రెండు పాదాలూ రికాబుల్లోంచి తీసేయండి. ముందుకు వంగి, కుడి కాలిని వెనక నుంచి దాటించి, మోకాళ్లు వంచి ఎడమ వైపు నేల మీద దిగండి. కాళ్లు వణుకుతాయి కనుక రెండు క్షణాలు జీను పట్టుకొని నిలబడండి, గుర్రం కాళ్ల కిందికి ఒరగకుండా.

చివరి పది నిమిషాలు గుర్రాన్ని నడకలోనే తీసుకొచ్చారా, దిగాక పొట్టపట్టీ వదులు చేశారా, మంచినీళ్లు పెట్టారా, కాళ్ల మీద, పట్టీ ఒరిసిన చోట ఉప్పునీరు కడిగారా చూడండి. ఉప్పు ఆరిపోతే రేపు అక్కడే పుండు అవుతుంది. ఇవన్నీ చేసే చోటికే మరోసారి వెళ్లండి.

మీ ఒంటికి: గోరువెచ్చని నీళ్ల స్నానం, పావుగంట నడక, తొడలు సాగదీయడం. నొప్పులు అదే రోజు కంటే మర్నాడు, ఆ మర్నాడు ఎక్కువగా ఉంటాయి. కనుక తిరుగు రైలుకు కింది బెర్త్ ముందే బుక్ చేసుకోండి. తొడలు పట్టేసినవాళ్లు రాత్రిపూట పై బెర్త్ ఎక్కి దిగుతూ కాజీపేట దాకా రావడం స్వారీ కంటే కష్టం.